నేల మీద నడిచిన తిమింగలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిమింగలాల పూర్వీకులు నాలుగు కాళ్ల మీద నడిచేవని చెప్పగానే తరగతిలో చేతులు లేస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆగి అడుగుతారు. ఎక్కువసార్లు వినే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి. ముఖ్యంగా పాకిసెటస్, ఇండోహ్యస్ అనే రెండు జంతువుల గురించి చెబుతాను. రెండూ మన ఉపఖండపు రాళ్లలో దొరికినవే.

తిమింగలం చేప కాదా?

కాదు. పేరులో మాత్రం చేప ఉంది. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. మన తిమింగలం అనే మాట అక్కడి నుంచి వచ్చింది. అంటే మింగబడేది చేప, మింగేది వేరే జంతువు. పేరు పెట్టినవాళ్లు ఇంత ఆలోచించారో లేదో గానీ, మాట మాత్రం సరిగ్గా కుదిరింది.

తిమింగలానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. గాలి కోసం పైకి రావాల్సిందే. దాని రక్తం వేడిగా ఉంటుంది, అది పిల్లను కని పాలు ఇస్తుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైన తేడా తోకలో ఉంది. చేప తోకను పక్కలకు ఆడిస్తుంది. తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. కుక్క వేగంగా పరుగెత్తేటప్పుడు దాని నడుము చూడండి, పైకీ కిందికీ వంగుతూ సాగుతూ ఉంటుంది. తిమింగలం ఈదేటప్పుడు చేసేది ఆ పనే. నేల మీద పరుగెత్తిన వెన్నెముకను నీళ్లలోకి తీసుకెళ్లి అలాగే వాడుకుంటోంది.

విశాఖ తీరంలో అప్పుడప్పుడు కనిపించే వేల్ షార్క్ మాత్రం చేపే. పేరులో వేల్ ఉన్నా అది సొర జాతిది. దాని తోక నిలువుగా ఉంటుంది, తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఒడ్డున పడి ఉన్నది ఏదో తెలియాలంటే ముందు తోక చూడండి.

పాకిసెటస్ అంటే ఏమిటి? చూడటానికి ఎలా ఉండేది?

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, నేటి ఉత్తర పాకిస్తాన్ ప్రాంతంలో బతికిన జంతువు. పేరుకు అర్థం పాకిస్తాన్ తిమింగలం అని. 1981లో ఫిలిప్ జింజెరిచ్, డొనాల్డ్ రస్సెల్ దీనికి ఆ పేరు పెట్టారు. అప్పటికి దొరికింది ప్రధానంగా పుర్రె భాగం, కొన్ని దవడ ముక్కలు, పళ్లు. మిగతా ఒళ్లు ఎలా ఉండేదో ఊహించి బొమ్మలు గీశారు. ఆ తొలి బొమ్మల్లో అది నీళ్లలో ఈదే సీల్ లాంటి జంతువు.

తర్వాత పాకిస్తాన్ పంజాబ్‌లోని కాలా చిట్టా కొండల్లో కాళ్లు, నడుము, వెన్నుపూసలు దొరికాయి. 2001లో హాన్స్ థెవిసెన్ బృందం వాటిని ప్రచురించేసరికి పాత బొమ్మలు తలకిందులయ్యాయి. పాకిసెటస్‌కు నాలుగు సన్నని పొడవైన కాళ్లున్నాయి. పరిమాణం ఇంచుమించు తోడేలంత. పొడవైన మూతి, బలమైన తోక. కళ్లు మాత్రం విచిత్రంగా తల పైభాగాన, దగ్గర దగ్గరగా ఉంటాయి. మొసలి ఒళ్లంతా నీళ్లలో దాచి కళ్లు మాత్రం పైన పెట్టి చూస్తుంది కదా, అలాంటి అమరిక.

ఎముకలు కూడా మామూలు పరుగు జంతువులవి కావు. వాటి గోడలు బాగా మందం. అంత బరువైన ఎముకలతో వేగంగా పరుగెత్తడం కష్టం, కానీ లోతు తక్కువ నీళ్లలో తేలిపోకుండా అడుగున కాళ్లు ఆనించి నడవడానికి అవి బాగా పనికొస్తాయి. వాగుల్లో దిగి నిలబడి, దగ్గరికి వచ్చిన దాన్ని పట్టి తినేదని అందుకే అనుకుంటున్నారు.

తోడేలులా ఉన్నదాన్ని తిమింగలం అని ఎందుకంటారు?

చెవి వల్ల.

మన చెవిలోని మధ్య భాగం ఒక ఎముక గూడులో ఉంటుంది. తిమింగలాల్లో, డాల్ఫిన్లలో ఆ గూడు లోపలి వైపు గోడ చాలా మందంగా, రాయిలా గట్టిగా ఉంటుంది. దీన్ని ఇన్‌వొలూక్రమ్ అంటారు. నీలి తిమింగలానికి ఉంది, గంగలో ఈదే డాల్ఫిన్‌కు ఉంది. ఆవుకు లేదు, సీల్‌కు లేదు, మనకు లేదు. పాకిసెటస్ చెవి గూడులో ఆ మందపు గోడ కనిపించింది. పళ్ల ఆకారం కూడా పాత తిమింగలాల పళ్లతో కలిసింది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంత చిన్న ఎముక మీద ఇంత పెద్ద మాట ఎలా చెబుతారు అని అడుగుతారు. ఆకారం మోసం చేస్తుంది, నా జవాబు అదే. సొరచేప, డాల్ఫిన్ పైకి ఒకేలా కనిపిస్తాయి, వాటి మధ్య దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. నీళ్లలో వేగంగా వెళ్లాల్సిన ఏ ఒళ్లయినా ఆ ఆకారానికే వస్తుంది. చెవి లోపలి గోడ అలా కాదు. అది బయటికి కనపడదు, ఒక వంశంలో తప్ప ఇంకెక్కడా రాలేదు. ఒక కుటుంబంలో అందరికీ ఒకే చోట పుట్టుమచ్చ ఉన్నట్టు. చుట్టరికం వెతికేటప్పుడు చూడాల్సింది అలాంటి వాటినే.

ఇండోహ్యస్ ఎవరు? రంగారావు గారి రాళ్ల కథ ఏమిటి?

ఈ విషయం మొత్తంలో నేను ఎన్నిసార్లు చెప్పినా అలసిపోని కథ ఇది.

ఎ. రంగారావు భారతీయ భూగర్భ శాస్త్రవేత్త. జమ్మూ కశ్మీర్‌లోని రాజౌరీ జిల్లా కాలాకోట్ దగ్గర సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో శిలాజాలు సేకరించారు. వాటిలో కొన్ని దవడ ముక్కలు, పళ్లు చూసి అది కొత్త జంతువని గుర్తించి 1971లో ఇండోహ్యస్ అని పేరు పెట్టారు. అర్థం భారతదేశపు పంది. గిట్టల జంతువుల్లో అదొక చిన్న రకం అనుకున్నారు, తిమింగలాల ఊసే లేదు. ఆయన తెచ్చిన రాళ్లలో చాలా భాగం పగలగొట్టకుండానే ఉండిపోయాయి. ఆయన కన్నుమూశారు.

రాళ్లు డెహ్రాడూన్‌లో ఆయన భార్య దగ్గర ఉన్నాయి. కొన్నేళ్ల తర్వాత ఆమె వాటిని థెవిసెన్‌కు అప్పగించారు. అమెరికాలోని ఆయన ప్రయోగశాలలో రాయి తొలిచి ఎముకలు బయటికి తీస్తున్నప్పుడు, సహాయకుడి చేతిలో ఒక పుర్రె చెవి గూడు పొరపాటున విరిగింది. విరిగిన చోట లోపలి గోడ కనిపించింది. అది మందంగా ఉంది! తిమింగలాల్లో తప్ప ఎక్కడా ఉండదనుకున్న గోడ, పిల్లి అంత ఉన్న ఒక గిట్టల జంతువు చెవిలో ఉంది.

ఆ తర్వాత ఆ రాళ్లలో వందలాది ఎముకలు పరిశీలించారు. కాళ్ల ఎముకల గోడలు మందంగా ఉన్నాయి. నీటి ఏనుగు ఎముకల్లోనూ ఈ లక్షణం ఉంది. పళ్లలోని ఆక్సిజన్ రకాల పాళ్లు కూడా, ఎక్కువసేపు నీళ్లలో గడిపే జంతువులకు ఉన్నట్టే ఉన్నాయి. 2007 డిసెంబరులో థెవిసెన్, ఐఐటీ రూర్కీకి చెందిన సునీల్ బాజ్‌పాయ్, డెహ్రాడూన్ వాడియా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బి.ఎన్. తివారీ, ఇంకొందరు కలిసి ఫలితాలు ప్రచురించారు. తిమింగలాలకు అన్నిటికంటే దగ్గరి అంతరించిన బంధువు ఇండోహ్యస్ వర్గమేనని తేల్చారు. ఆ వర్గం పేరు రావొయెల్లిడే. అందులోని రావు మన రంగారావు గారే.

తన ఇంట్లో ఉన్న రాళ్లలో ఏముందో ఆయనకు తెలియదు. కానీ దొరికిన చోటు రాసిపెట్టి, పారేయకుండా దాచారు. ఆయన భార్య కూడా పారేయలేదు. మన దేశంలో పాత సేకరణలు ఎన్ని అటకల మీద ఉన్నాయో, ఎన్ని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెత్తలో కలిసిపోయాయో తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. మీ ఇంట్లో అలాంటి వారు ఎవరైనా ఉండి ఉంటే, ఆ పెట్టెలు తీసేముందు దగ్గరి విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర విభాగాన్ని ఒక్కసారి పిలవండి.

అయితే ఇండోహ్యస్ నుంచే పాకిసెటస్ పుట్టిందా?

లేదు. తేదీలు చూడండి. మన దగ్గరున్న ఇండోహ్యస్ ఎముకలు పాకిసెటస్ కంటే కాస్త తర్వాతి కాలానివి. మనవడు తాతకు తాత కాలేడు. ఇవి రెండూ పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లల లాంటివి. వీటికి ఉమ్మడి తాత ఇంకా ముందు బతికాడు, అతడి ఎముకలు ఇంతవరకు దొరకలేదు. ఆ తాత ఎలా ఉండేవాడో ఊహించడానికి ఇండోహ్యస్ మనకున్న మంచి ఆధారం.

కింది నుంచి పైకి వరసగా నిలబెట్టిన బొమ్మలు ఇంటర్నెట్‌లో చాలా ఉంటాయి. ఒకటి రెండోదిగా, రెండోది మూడోదిగా మారినట్టు వాటిలో కనిపిస్తుంది. నిజానికి ఇది కొమ్మలున్న చెట్టు. చాలా కొమ్మలు మధ్యలోనే ఎండిపోయాయి. దొరికిన ప్రతి శిలాజం ఏదో ఒక కొమ్మ చివర ఉంటుంది.

ఏది మొట్టమొదటి తిమింగలం?

కచ్చితంగా చెప్పాలంటే గొడవే. హిమాచల్‌లోని సుబాథు రాళ్లలో దొరికిన ఒక దవడ ముక్కకు 1998లో బాజ్‌పాయ్, జింజెరిచ్ హిమాలయసెటస్ అని పేరు పెట్టి, అది 5.35 కోట్ల ఏళ్ల నాటిదన్నారు. ఆ వయసును చాలామంది ఒప్పుకోలేదు. నాలుగు కాళ్ల ఎముకలతో సహా బాగా తెలిసిన అతి పాత తిమింగలం కావాలంటే పాకిసెటస్ పేరే చెప్పాలి.

నీళ్లలోకి అసలు ఎందుకు దిగాయి?

ప్రాణభయంతో మొదలై ఉండొచ్చు. ఆఫ్రికాలో నీటి మూషిక జింక అనే చిన్న జంతువుంది. పైన గద్ద కనిపిస్తే, వెనక పులి జాతి జంతువు తరిమితే అది ఏటిలోకి దూకి, అడుగున నడుస్తూ దాక్కుంటుంది. తినేది మాత్రం ఒడ్డున ఆకులు, పండ్లే. ఇండోహ్యస్ కూడా అలాంటిదేనని థెవిసెన్ బృందం చెప్పింది. ఎముకలు నీళ్లకు అలవాటుపడ్డాయి, పళ్లు మాత్రం మొక్కలు తినేవే.

అంటే తిండి కోసం నీళ్లలో దిగాయన్న పాత అభిప్రాయం వెనక్కి వెళ్లింది. ముందు దాక్కోవడానికి దిగి ఉంటాయి. అక్కడ ఉండటం అలవాటయ్యాక, ఒక శాఖ నీళ్లలోనే తిండి వెతకడం మొదలుపెట్టింది. పాకిసెటస్ ఆ శాఖది.

ఈ ఆఫ్రికా జంతువుకు మన నల్లమలలో ఒక చుట్టం ఉంది. మన మూషిక జింక. కుందేలంత ఉంటుంది, ఒంటి మీద తెల్ల చుక్కలు, చారలు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ సాయంతో వీటిని పెంచి అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. మూషిక జింక తిమింగలాలకు తాత కాదు, ఆ మాట ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ ఇండోహ్యస్ ఎంతుండేదో, ఎలాంటి సన్నని కాళ్ల మీద నడిచేదో కళ్లకు కట్టాలంటే దానికంటే మంచి నమూనా మన దగ్గర లేదు.

నీటి ఏనుగు తిమింగలానికి చుట్టమా?

అవును. బతికున్న వాటిలో అన్నిటికంటే దగ్గరి చుట్టం. నీటి ఏనుగు నుంచి తిమింగలం పుట్టలేదు, ఉమ్మడి పూర్వీకుల నుంచి రెండు దారులుగా విడిపోయాయి.

ఈ మాట తేలడానికి చాలా కాలం పట్టింది. 1966లో లీ వాన్ వేలెన్, మెసోనికిడ్లు అనే మాంసం తినే గిట్టల జంతువులే తిమింగలాల పూర్వీకులన్నాడు. వాటి పళ్లు తిమింగలాల పళ్లలాగే ఉంటాయి, అందుకే ఎముకలు చూసేవాళ్లు చాలామంది ఒప్పుకున్నారు. 1990లలో డీఎన్‌ఏ చూసినవాళ్లు నీటి ఏనుగు అన్నారు. డీఎన్‌ఏలో కొన్ని ముక్కలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి అతుక్కుంటాయి. అవి ఎక్కడ పడతాయో చెప్పలేం. రెండు జంతువుల్లో సరిగ్గా ఒకే చోట ఒకే ముక్క ఉందంటే అది ఉమ్మడి తాత నుంచి రావాలి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు తిమింగలాల్లో, నీటి ఏనుగుల్లో మాత్రమే ఉన్న అలాంటి ముక్కలు చూపించారు.

ఎముకలు చూసేవాళ్లు మాత్రం చీలమండ చూపించమన్నారు. ఆవు, మేక, పంది, జింక, వీటన్నిటి చీలమండ ఎముకకు పైనా కిందా రెండు చోట్లా గిలక లాంటి ఆకారం ఉంటుంది. మేక వెనక కాలిని కీలు దగ్గర విడదీస్తే ఆ ఎముక చేతికి వస్తుంది. మాంసం కొట్టేవాళ్లు రోజూ చూసేదే. జంట గిట్టల జంతువుల ముద్ర అది. 2001 సెప్టెంబరులో, ఒకే వారంలో, ఇద్దరు దాన్ని చూపించారు. థెవిసెన్ పాకిసెటస్ కాళ్లలో చూపించాడు. జింజెరిచ్ బలూచిస్తాన్‌లో దొరికిన మరో రెండు తిమింగలాల కాళ్లలో చూపించాడు. అంతకుముందు మెసోనికిడ్ల వైపు ఉన్న జింజెరిచ్, ఆ ఎముక చూశాక తన అభిప్రాయం మార్చుకున్నాడు. ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతాను.

అన్నీ మన ఉపఖండంలోనే ఎందుకు దొరుకుతున్నాయి?

అప్పట్లో భారత భూభాగం ఉత్తరానికి జరుగుతూ ఆసియాను ఢీకొంటోంది. మధ్యలో టెథిస్ సముద్రం మూసుకుపోతోంది. వెచ్చని, లోతు తక్కువ తీరాలు, వాటిలోకి వచ్చే ఏర్లు. నేల మీది జంతువు మెల్లగా సముద్రంలోకి జారుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. తర్వాత హిమాలయాలు లేచినప్పుడు ఆ అడుగు బురద రాళ్లై పైకి వచ్చింది. అందుకే సముద్రానికి ఎంతో దూరాన కొండల్లో తిమింగలాల ఎముకలు ఉన్నాయి.

గుజరాత్‌లోని కచ్ మరో పెద్ద చోటు. 1975లో అశోక్ సాహ్ని, వి.పి. మిశ్రా అక్కడి తిమింగలాలను వర్ణించారు. రెమింగ్టనోసెటస్ హరుడియెన్సిస్ అనే పేరులో ఉన్నది కచ్‌లోని హరుడి గ్రామం. 2000లో కచ్ నుంచే కచ్చిసెటస్ అనే చిన్న తిమింగలం బయటపడింది. పొట్టి కాళ్లు, పొడవైన తోక, మొత్తం పొడవు సుమారు 2.5 మీటర్లు. నీటికుక్కలా ఒళ్లు వంచుతూ ఈదేదట.

కాళ్లు ఎలా పోయాయి?

మెల్లగా పోయాయి, ఒక్కో దశకూ ఎముకలున్నాయి. పాకిసెటస్ తర్వాత ఆంబ్యులోసెటస్ వచ్చింది. నడిచే, ఈదే తిమింగలం అని 1994లో పెట్టిన పేరు. 3 మీటర్ల పొడవు, మొసలి తీరు, పెద్ద వెనక పాదాలతో నీళ్లు తోసేది. దాని తర్వాత రోడోసెటస్ లాంటివి సముద్రంలో ఎక్కువ కాలం గడిపాయి. 4 కోట్ల ఏళ్ల కిందటికి వచ్చేసరికి బాసిలోసారస్ ఉంది. 15 మీటర్లకు పైగా పొడవు, ఆ ఒంటికి సుమారు 2 అడుగుల వెనక కాళ్లు! మోకాలు, మడమ, వేళ్లు అన్నీ ఉన్నాయి, ఒంటిని మోసే శక్తి మాత్రం లేదు. 1834లో దీన్ని మొదట వర్ణించిన రిచర్డ్ హార్లన్ బల్లి జాతి అనుకుని బల్లుల రాజు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అది క్షీరదమని తర్వాత తెలిసినా పేరు మారలేదు. ఆ కాళ్ల గురించి 1990లో ప్రచురించారు, అవి దొరికింది ఈజిప్టు ఎడారిలోని వాదీ అల్ హితాన్‌లో. తిమింగలాల లోయ అని అర్థం. 2005 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

ఇప్పటి తిమింగలాల ఒంట్లో కూడా వెనక కాళ్ల జాడ ఉంది. వెన్నెముకకు అతుక్కోకుండా, కండలో తేలుతూ రెండు చిన్న కటి ఎముకలు ఉంటాయి. వాటికి వేరే పని ఉంది, జననాంగాల కండరాలు వాటిని పట్టుకుని ఉంటాయి. ఇంకా గట్టి సాక్ష్యం తల్లి కడుపులో ఉంది. డాల్ఫిన్ పిండానికి మొదటి వారాల్లో వెనక కాళ్ల మొగ్గలు వస్తాయి. తర్వాత పెరగడం ఆగిపోయి కరిగిపోతాయి. కాళ్లు కట్టమని చెప్పే ఆజ్ఞ మొదలై మధ్యలో ఆగిపోతుందన్న మాట. 2006లో జపాన్‌లోని తైజీ దగ్గర వెనక వైపు అదనంగా రెండు రెక్కలున్న డాల్ఫిన్ దొరికింది.

ముక్కు నెత్తి మీదికి ఎలా చేరింది?

పాకిసెటస్ ముక్కు రంధ్రాలు మూతి చివరే ఉన్నాయి. తర్వాతి తిమింగలాల పుర్రెల్లో అవి కాస్త కాస్త వెనక్కి జరిగాయి. ఇప్పటి తిమింగలాలకు నడినెత్తిన ఉన్నాయి. నీళ్లలోంచి తల మొత్తం ఎత్తకుండా ఊపిరి తీసుకోవడానికి వీలు.

మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్లకు మారిందని ఎలా చెబుతారు?

పళ్లను అడగాలి. నీటిలో బరువు తక్కువ ఆక్సిజన్, బరువు ఎక్కువ ఆక్సిజన్ రెండూ ఉంటాయి. ఏటి నీటిలో, సముద్రపు నీటిలో వాటి పాళ్లు వేరు. తాగిన నీటి పాళ్లే పంటి పింగాణీలో చేరి కోట్ల ఏళ్లు ఉండిపోతాయి. పాకిసెటస్ పళ్లు ఏటి నీరు అన్నాయి. లక్షల ఏళ్ల తర్వాతి తిమింగలాలవి సముద్రం అన్నాయి.

దశావతారాల వరస ఇదే చెబుతోంది కదా?

ఈ ప్రశ్న పెద్దవాళ్లు ఇష్టంగా అడుగుతారు. మత్స్యం, కూర్మం, వరాహం అన్న వరసలో నీటి నుంచి నేలకు రావడం ఉంది, నిజమే. తిమింగలం సరిగ్గా ఎదురు దారిలో వెళ్లింది. నేల నుంచి నీటికి. పరిణామానికి ముందే గీసిన మెట్లు లేవు, ఒక వంశానికి ఆ కాలంలో, ఆ చోట ఏది నిలబెడితే అటే వెళుతుంది. పురాణాన్ని భక్తితో చదవండి, శిలాజాన్ని ఎముకలతో చదవండి. ఒకదానితో ఇంకోదాన్ని రుజువు చేయాలని చూస్తే రెండిటికీ అన్యాయం జరుగుతుంది.

ఇదంతా జరగడానికి ఎంత కాలం పట్టింది?

పాకిసెటస్ నుంచి పూర్తిగా సముద్రంలోనే బతికే బాసిలోసారస్ వరకు సుమారు కోటి ఏళ్లు. మనకు అది ఊహకు అందదు. భూమి చరిత్రలో మాత్రం చాలా తక్కువ కాలం.

పిల్లలకు దీన్ని ఎక్కడ చూపించవచ్చు?

ఈజిప్టు దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ జూలో నీటి ఏనుగుల కొలను దగ్గర అరగంట నిలబడండి. మొదట నీళ్లు తప్ప ఏమీ కనిపించదు. తర్వాత రెండు చెవులు, రెండు కళ్లు, రెండు ముక్కు రంధ్రాలు పైకి వస్తాయి, ఒళ్లంతా కిందే. బుస్సున గాలి వదిలి, ముక్కు రంధ్రాలు గట్టిగా మూసుకుని మళ్లీ మునుగుతుంది. అప్పుడు పిల్లల్ని లెక్కపెట్టమనండి, మళ్లీ ఎన్ని సెకన్లకు పైకి వస్తుందో.